జీప్నీ ఆపలేని శౌరి

శౌరి బ్రదరుకి మాటలన్నీ వచ్చు. జీప్నీ ఎక్కాడంటే మాత్రం ఒక్కటీ గొంతు దాటి రాదు.

ఫిలిప్పీన్స్ దేశంలో సెబూ అని ఒక పట్నం ఉంది. ఎటు నడిచినా చివరికి సముద్రం తగిలే దీవి అది. గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వెళ్ళిన ఇన్నాసి ఫాదరు అక్కడ ఒక చిన్న మఠం నడుపుతున్నారు. తనూ ఫాదరు కావాలని చదువుకుంటున్న పల్నాడు కుర్రాడు శౌరి, వానలు మొదలవుతుండగా ఆయన దగ్గర చేరాడు.

సాయంత్రం జపమాల అయ్యాక, వసారాలో కూర్చుని ఫాదరు అతనికి ఆ ఊరి సెబువానో భాష చెప్పేవారు. బండెక్కి దిగడానికి పనికొచ్చే మాటలు ముందు. పలిహుగ్ అంటే దయచేసి. ఆసా అంటే ఎక్కడ. ప్లీతె అంటే కిరాయి. హినాయ్ లాంగ్ అంటే కాస్త మెల్లగా పోనీ. డ్రైవర్ని నోంగ్ అని పిలవాలి, అన్నా అన్నట్టు. లుగార్ లాంగ్ అంటే ఇక్కడ ఆపండి.

శౌరికి ఆ మాటలంటే పిచ్చి ఇష్టం పుట్టింది. దోమతెరలో పడుకుని, చూరు మీద వాన పడుతుంటే, హినాయ్ లాంగ్, హినాయ్ లాంగ్ అని తనలో తాను అనుకునేవాడు. ఎవరో తన తల నిమురుతూ జోకొట్టినట్టుండేది. గదిలో అయితే ఎంత ముద్దుగా పలికేవాడో! ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళు కూడా తలతిప్పి చూడాలి.

జీప్నీ సంగతి వేరు. మన షేరాటోని పట్టుకుని సాగదీస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. వెనక గుమ్మం, లోపల ఎదురెదురు బెంచీలు. మోకాళ్ళకి మోకాళ్ళు తగులుతుంటాయి. కప్పు నెత్తికి కొట్టుకుంటుంది. కండక్టరు లేడు, బెల్లు లేదు. కిరాయి పక్కవాళ్ళ చేతికిస్తే, వాళ్ళు ఆ పక్కవాళ్ళకిచ్చి, అలా అలా డ్రైవరు దాకా చేరేస్తారు. దిగే చోటు రాగానే లుగార్ లాంగ్ అని గట్టిగా అరవాలి. లోపల పాటలు హోరెత్తుతుంటాయి మరి. అరవకపోతే బండి ఆగదు.

శౌరి అరవలేడు. అంతమంది మొహాలు ఎదురుగా ఉంటే నాలుక అంగిట్లో అతుక్కుపోయేది.

అది సిగ్గని అతను అనుకోలేదు. వినయం అనుకున్నాడు. గుంటూరు దగ్గర మఠంలో ఉన్నప్పుడు మౌనంగా ఉండడంలో అతన్ని మించినవాడు లేడు. "నోట్లో నాలుక లేని బిడ్డ, దేవుడు మెచ్చే బిడ్డ" అని అక్కడి పెద్ద ఫాదరు అందరి ముందూ అన్నారు. ఆ మాట శౌరి లోపల ఎక్కడో దీపం పెట్టినట్టు పెట్టుకున్నాడు.

అందుకని వేరే ఎవరైనా ఆపించిన చోట తనూ దిగిపోయేవాడు. మిగతా దూరం నడిచేవాడు. ఇంతవరకూ ఇందులో ఎవరికీ నష్టం లేదు.

తర్వాత పోలయ్య వచ్చాడు.

భీమిలి దగ్గర పల్లె అతనిది. సరుకు ఓడలో వంటవాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి పడిపోతే, ఓడవాళ్ళు సెబూ ధర్మాసుపత్రిలో దించి వెళ్ళిపోయారు. తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు. అతని మాట ఎవరికీ తెలియక, ఆసుపత్రివాళ్ళు ఇన్నాసి ఫాదరుకి కబురు పెట్టారు.

మొదటి రోజు ఫాదరే శౌరిని వెంటబెట్టుకుని వెళ్ళారు. తెలుగు వినపడగానే పోలయ్య మంచం మీద లేచి కూర్చోబోయి, లేవలేక ఏడ్చాడు.

పోలయ్యకి భార్య లేదు. ఒక్కతే కూతురు, నూకరత్నం. రొయ్యల షెడ్డులో తలలు వలిచే పని. షెడ్డులోకి ఫోన్లు పోనివ్వరు, గేటు దగ్గర పెట్టెలో వేసి తాళం పెడతారు. అన్నాలకి వదిలినప్పుడే చేతికిస్తారు. అక్కడ అన్నాల వేళంటే ఇక్కడ రోగుల్ని చూడనిచ్చే వేళ. ఆ కాసేపే. ఆ పిల్ల ఇల్లు చేరేసరికి ఇక్కడ వార్డు తలుపులు మూసేస్తారు.

ఆ రోజు మఠం ఫోనులో తండ్రీకూతుళ్ళు మాట్లాడుకున్నారు. "ఏటి నాన్నా, చిక్కిపోయావేటి?" అని ఆ పిల్ల తెరమీద కళ్ళు పెద్దవి చేసింది. "నేదే, ఈళ్ళ ఫోనే సన్నంగా సూపిస్తంది" అన్నాడు పోలయ్య. ఇద్దరూ నవ్వారు. పోలయ్యకి నవ్వు కాస్తా దగ్గయింది.

తిరిగి వచ్చేటప్పుడు ఫాదరు ఆ ఫోను శౌరి చేతిలో పెట్టారు. "రేపట్నించి నీ పని ఇది. పాఠం అవగానే బండెక్కు. ఆలస్యం చెయ్యకు."

శౌరి పాఠం అవగానే బండెక్కేవాడు. అందులో లోపం లేదు. రోగుల్ని చూడవచ్చేవాళ్ళంతా ముందే వచ్చేసేవారు, ఆసుపత్రి గేటు దగ్గర ఆ వేళ దిగేవాళ్ళే ఉండేవారు కాదు. గేటు దగ్గరవుతుంటే గుండె దడదడలాడేది. 'దేవా, ఎవరో ఒకరు ఆపించేలా చెయ్యి' అని కళ్ళు మూసుకునేవాడు. కళ్ళు తెరిచేసరికి గేటు వెనక్కి పోయేది. చేపల బజారు దగ్గర, బండి చివర ఆగే చోట దిగి, వానలో అంత దూరం వెనక్కి నడిచేవాడు.

చేరేసరికి రొయ్యల షెడ్డులో ఫోన్లు పెట్టెలోకి వెళ్ళిపోయేవి. ఇక్కడ రింగవుతూనే ఉండేది.

"ఏటి బాబూ, ఇయ్యాల కూడా ఆలీసమేనా?" అనేవాడు పోలయ్య.

"ట్రాఫిక్కండీ."

"పోన్లెండి. రేపు మాటాడతాను."

రోజూ అదే మాట. తర్వాత్తర్వాత పోలయ్య ఆ మాట కూడా అనడం మానేసి, గోడవైపు తిరిగి పడుకునేవాడు. గోడమీద తేమ దిగి నల్లటి మరకలు. వాటిలో ఆయనకి ఏం కనపడేదో శౌరికి తెలీదు. భుజం ఎముకలు చొక్కాలోంచి రోజురోజుకీ బయటికొస్తున్నాయి. ఆ వీపు చూస్తూ కూర్చోవడం కన్నా వానలో నడవడమే నయం అనిపించేది.

ఒక సాయంత్రం ఫాదరు వసారాలో మోకాళ్ళకి తైలం రాసుకుంటున్నారు. ఆయనకి మోకాళ్ళు వాపు. శౌరి తడిసిన బట్టలతో మెట్లెక్కుతున్నాడు.

"పిల్ల దొరికిందా?"

"లేదు గురువుగారూ. ట్రాఫిక్కు."

ఫాదరు అతని పాదాల వంక చూశారు. అంగీ అంచు నిండా బురద.

"ఈ ఊరి ట్రాఫిక్కు కాళ్ళకి కూడా అంటుతుందేమిట్రా?"

శౌరి చెవులు ఎర్రబడ్డాయి. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. బండిలో మాట రాదనీ, చేపల బజారు నుంచి నడుస్తున్నాననీ. చెప్పి, తనే మళ్ళీ అందుకున్నాడు.

"నాకు ఇంకా మాటలు చాలవేమో గురువుగారూ. ఇంకొన్ని నేర్పండి. ధైర్యం వస్తుంది."

"ఇప్పటికి వచ్చినవేవీ?"

శౌరి అప్పజెప్పాడు. ఒక్కటీ పొల్లుపోలేదు. వాన ఆగి వింటున్నట్టే ఉంది.

"బాగా పలుకుతున్నావు" అన్నారు ఫాదరు, తైలం సీసా మూత బిగిస్తూ. "పొద్దున్నే కొవ్వొత్తులు కొనాలి. నాతో బజారుకి రా."

మర్నాడు పొద్దున ఇద్దరూ జీప్నీ ఎక్కారు. ఫాదరు గుమ్మం పక్కన కూర్చున్నారు, శౌరి ఆయన్ని ఆనుకుని. ఎదురుగా చేపల బుట్ట ఒళ్ళో పెట్టుకున్న ఒక ముసలావిడ. కొంతదూరం పోయాక ఆవిడ లుగార్ లాంగ్ అంది. పిట్ట కూసినంత సన్నగా. పాటల హోరులో డ్రైవరుకి అది చేరలేదు. ఆవిడ పక్కనున్న తాపీమేస్త్రి లుగార్ లాంగ్ అన్నాడు. అవతల యూనిఫాంలో ఉన్న బడిపిల్ల అందుకుని కీచుమని అరిచింది. బండి ఆగింది. ముసలావిడ బుట్టతో దిగిపోయింది. ఎవరి దారిన వాళ్ళు మళ్ళీ కిటికీల్లోంచి చూస్తూ కూర్చున్నారు, అదేమీ పెద్ద సంగతి కానట్టు.

శౌరి ఆ పిల్ల రిబ్బన్లు చూస్తున్నాడు.

బజారులో కొవ్వొత్తులు కొన్నారు. తిరుగు బండిలో జనం పలచగా ఉన్నారు. ఈసారి ఫాదరు మధ్యలో కూర్చున్నారు. శౌరిని మాత్రం డ్రైవరు వెనకాలే కూర్చోమన్నారు. బయట ఆకాశం కాటుక పులిమినట్టుంది. దూరంగా సముద్రం మీద వాన నిలువుగా దిగుతోంది. శౌరికి ఆ వానని చూస్తుంటే భీమిలి గుర్తొచ్చింది, తను ఎప్పుడూ చూడకపోయినా.

మఠం సందు దగ్గరపడింది.

"లుగార్ లాంగ్" అన్నారు ఫాదరు.

శౌరి ఉలిక్కిపడి చూశాడు. పూజలో నిలబడితే చివరి బెంచీ దాకా ఖంగుమనే గొంతు ఆయనది. ఇప్పుడు మాత్రం జ్వరం వచ్చి లేచినవాళ్ళలా, ఉందా లేదా అన్నట్టు వచ్చింది. డ్రైవరుకి వినపడలేదు. ఆయనకీ శౌరికీ మధ్య ఉన్న ఇద్దరూ చెవుల్లో వైర్లు పెట్టుకుని నిద్రపోతున్నారు.

మళ్ళీ అంటారులే అనుకున్నాడు శౌరి.

ఆయన మళ్ళీ అనలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, శౌరి వంకే చూస్తూ కూర్చున్నారు. సందు వెనక్కి పోయింది. గుడి పోయింది. బడి పోయింది. శౌరి నోరు సగం తెరుచుకుంది. డ్రైవరు వీపు అతనికి జానెడు దూరంలో ఉంది. చెయ్యి చాస్తే తగులుతుంది.

కొండవార బండి చివర ఆగేదాకా ఇద్దరూ అలాగే వెళ్ళారు.

దిగేసరికి వాన అందుకుంది. ఫాదరు వెనక్కి నడక మొదలుపెట్టారు. రెండడుగులకోసారి మోకాలు పట్టుకుంటున్నారు.

"గురువుగారూ, ఇంకో బండెక్కుదాం."

ఆయన నడుస్తూనే ఉన్నారు.

"పోనీ ట్యాక్సీ పిలుస్తాను. మీ మోకాళ్ళు..."

"రోజూ నువ్వు నడుస్తున్నావుగా."

శౌరి కొవ్వొత్తులు తడవకుండా అంగీలో పెట్టుకుని వెనకాలే వచ్చాడు. ముందు నడుస్తున్న ఆ తెల్ల జుట్టుమీంచి నీళ్ళు మెడలోకి కారుతున్నాయి. పెద్దాయన ఇంత కుంటుతారని శౌరికి ఆ రోజు దాకా తెలీదు.

మఠం గుమ్మం దగ్గర ఫాదరు ఆగి, గోడకి చెయ్యి ఆనించి ఊపిరి పీల్చుకున్నారు.

"నేనన్నది నీకు వినపడిందట్రా?"

"వినపడింది గురువుగారూ."

ఆయన తల ఊపి లోపలికి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం పాఠంలో శౌరికి ఒక్క అక్షరం ఎక్కలేదు. గంట కొట్టగానే పరిగెత్తి బండెక్కాడు. వాన తెరలు తెరలుగా కొడుతోంది. బండిలో అందరూ కిటికీల ప్లాస్టిక్ పట్టాలు దించుకున్నారు. లోపల చీకటిగా, తడి బట్టల వాసన. శౌరి పట్టా అంచు కాస్త ఎత్తి పట్టుకుని రోడ్డు చూస్తున్నాడు. ఆసుపత్రి గోడ మొదలైంది. గుండె దడ మామూలుగానే వచ్చింది. పోలేదు.

ఆ దడతోనే అరిచాడు.

"లుగార్ లాంగ్!"

గొంతు పగిలి మరీ వచ్చింది. పక్కనున్నావిడ ఒళ్ళో పాపాయి కెవ్వుమంది. బండి కీచుమని ఆగింది. డ్రైవరు వెనక్కి తిరిగి, "ఒరే తమ్ముడూ, నా బండి టాపు లేచిపోయింది, నువ్వే వేయించాలి" అన్నాడు వాళ్ళ భాషలో. అందరూ ఘొల్లుమన్నారు. శౌరి మొహం కందగడ్డైంది. తల కప్పుకి కొట్టుకుంటూ వానలోకి దూకి పరిగెత్తాడు.

వేళకే చేరాడు. ఎన్నాళ్ళకో.

పోలయ్య గోడవైపు తిరిగి లేడు. వెల్లకిలా ఉన్నాడు. మూతికి ప్రాణవాయువు గొట్టం. ఎగశ్వాస. కళ్ళు శౌరిని చూశాయి. నోరు కదిలింది గానీ మాట పైకి రాలేదు. రాత్రి నుంచీ ఇంతేనని నర్సమ్మ సైగ చేసి చెప్పింది.

శౌరి ఫోను నొక్కాడు. రెండో రింగుకే ఎత్తింది.

"బాబూ, నాన్నున్నాడా? ఇన్నాళ్ళూ ఏటైపోయారు? బొమ్మ రాటం నేదు. నాన్నా! నాన్నా, పలకవేటి?"

అక్కడా వానేమో, మాట తెగి తెగి వస్తోంది. శౌరి ఫోను స్పీకరులో పెట్టి దిండు మీద ఉంచాడు. పోలయ్య పెదాలు మళ్ళీ కదిలాయి. శౌరి వంగి, చెవి ఆయన నోటికి ఆనించాడు. గుడ్డమీద ఇసక జారినట్టు, అంత సన్నంగా.

తిన్నాదా అడుగు.

"తిన్నావా అంటున్నారమ్మా!" అన్నాడు శౌరి.

"ఏటండీ? ఇనపడ్నేదు!"

"తిన్నావా అంటున్నారు మీ నాన్న!" వార్డంతా తిరిగి చూసేలా అరిచాడు. చూస్తే చూశారు.

"తిన్నాను సెప్పండి! నెత్తళ్ళ పులుసు!"

పోలయ్య కళ్ళ చివర్లు ముడతలు పడ్డాయి. శౌరి మళ్ళీ చెవి ఆనించాడు.

"కారం తగ్గించుకోమంటున్నారు! కడుపునొప్పి వస్తుందంటున్నారు!"

"ఓలమ్మో, అక్కడికెల్లి కూడా నా కారం మీదే పడ్డాడు!" ఆ పిల్ల నవ్వింది. నవ్వు సగంలో తెగి, మళ్ళీ అతుక్కుంది. "నాన్నా, ఎప్పుడొస్తావు? బాబూ, ఎప్పుడొస్తాడో అడగండి."

శౌరి అడగలేదు. పోలయ్యకే వినపడింది. ఆయన చూపు ఫోను మీదికి తిరిగింది. పెదాలు విచ్చుకున్నాయి. శౌరి వంగి చెవి పెట్టాడు.

ఊపిరి తగిలింది, వెచ్చగా. ఇంకోటి వస్తుందని అలాగే వంగి ఉన్నాడు. ఎంతసేపున్నాడో.

భుజం మీద ఎవరో చెయ్యి వేశారు. ఇన్నాసి ఫాదరు. ఆసుపత్రివాళ్ళు పిలిపిస్తే ట్యాక్సీలో వచ్చారు. ఆయన పోలయ్య మొహం వంక చూసి, సిలువ గుర్తు వేసుకుని, మెల్లగా ఆ కళ్ళు మూశారు.

"బాబూ? నాన్న ఏటంటన్నాడు?" దిండు మీంచి అడుగుతోంది నూకరత్నం. "లైను పోనాదా ఏటి? బాబూ?"

శౌరి ఫోను చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలు ఎర్ర బొత్తాము మీదికి దానంతటదే వెళ్ళింది. త్వరలో వస్తానన్నారని చెప్పి నొక్కేస్తే సరిపోతుంది. లైను తెగిందని రేపు చెప్పొచ్చు. అసలు ఏమీ చెప్పకుండా ఊరుకుంటే ఇంకా సుళువు.

ఫోను గురువుగారి వైపు చాచాడు. "మీరు చెప్పండి" అనబోయాడు. ఆ మాట పెదాల దగ్గరే ఆగిపోయింది.

ఫాదరు అందుకోలేదు. మూలనున్న స్టూలు లాక్కొచ్చి శౌరి వెనక వేశారు. భుజం నొక్కి కూర్చోబెట్టారు.

"ఆ పిల్ల ఇంకా లైన్లోనే ఉందిరా."

శౌరి బొటనవేలు పక్కకి తీశాడు. స్పీకరు ఆపి, ఫోను చెవికి ఆనించుకున్నాడు.

"అమ్మా రత్నం" అన్నాడు, ఆ పిల్ల ఒక్కదానికే వినపడేలా.